పాకం పట్టే ముక్కు

సాంత్-ఫ్లోరిద్, బోస్
1964 మార్చి 16, సోమవారం

సొలాంజ్ అక్కకి,

ముందుగా ఒక మాట. నేను బతికే ఉన్నాను, రెండు పూటలా తింటున్నాను, ఈ ఉత్తరం నా చేత్తో నేనే రాస్తున్నాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, శనివారం నా ముక్కు విరిగింది.

విరగ్గొట్టింది ఎదుటి జట్టువాడైతే చెప్పుకోవడానికైనా బాగుండేది. మన చర్చిలో కొత్తగా చేరిన చిన్న ఫాదర్ రొమెయో ఉన్నాడు చూడు, ఆయన మా మంచు హాకీ జట్టులోనే ఆడతాడు. నల్ల అంగీ ఎగ్గట్టి మంచు మీద జారుతుంటే ఆయన్ని ఆపడం దేవుడి తరం కూడా కాదు. ఇద్దరం ఒకే రబ్బరు బిళ్ళ కోసం పోయాం. ఆయన మోచెయ్యి, నా ముక్కు. కటుక్కుమన్న చప్పుడు గట్టు మీద కూర్చున్నవాళ్ళకి కూడా వినిపించిందట. మర్నాడు పాపాలు చెప్పుకోవడానికి వెళ్ళి, "ఫాదర్, ఒకాయన మీద కోపంగా ఉంది" అన్నాను. "ఎవరి మీద నాయనా?" అన్నాడు. "తమరి మీదే" అన్నాను. జాలీ తెర వెనకాల నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాకు మూడు జపాలు శిక్ష వేశాడు, తనకి ఏం వేసుకున్నాడో చెప్పలేదు.

ముక్కు ఎడమవైపు తిరిగింది. కళ్ళ కింద నల్లగా కమిలింది. ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి కాబట్టి ఇప్పుడు బాగుచేయించే పని లేదు. మంచు కరిగాకే ముక్కు సంగతి చూడటం ఈ ఊరి పద్ధతి, నీకు తెలియనిదేముంది. ఈ వారం చక్కబెట్టిస్తే పై వారం మళ్ళీ విరగదూ? మా జట్టు ఫోటో చూస్తే ఒక్కో ముక్కూ ఒక్కో దిక్కు చూపిస్తుంది. మా మామగారిది ముప్ఫై ఏళ్ళుగా కుడివైపే ఉంది, దాంతోనే ఆయన మేపుల్ చెట్ల తీపి నీరు కాచి జిల్లాలోకెల్లా మంచి పాకం పట్టలేదా?

అన్నట్టు, అసలు వార్త మరిచాను. ఈ ఏడు బాణలి దగ్గర గరిటె నాకిస్తానన్నాడు మామగారు. ఇల్లరికం వచ్చిన తొమ్మిదేళ్ళకి. నడుం పట్టేస్తోంది, ఇక నువ్వు చూసుకో అన్నాడు. మామగారు తెలెస్ఫోర్ పట్టిన పాకం అంటే కొనేవాళ్ళు రుచి కూడా చూడరు, నీకు తెలుసు. ఆయన చేతిలోంచి గరిటె తీసుకోవడం అంటే మాటలా.

ముక్కుకి ఇంట్లో ఏమైనా చేసుకునేది ఉంటే రాయి. ఫోన్ మాత్రం చేయకు. మా ఫోన్ లైన్ తొమ్మిది ఇళ్ళకీ ఒక్కటే, ఎవరి మాటైనా అందరూ వినొచ్చు, చాటుగా వినే మదాం గొస్లెన్ ఊపిరి తీయడం కూడా వినిపిస్తుంది.

నీ తమ్ముడు
అర్మాన్


క్యుబెక్ నగరం
మార్చి 18

ఒరేయ్ అర్మాన్,

ముక్కు, చెవి, గొంతు వార్డులో పన్నెండేళ్ళుగా నర్సుని. ఎవరెవరి ముక్కులో తుడుస్తున్నాను. నా తమ్ముడు మాత్రం మంచు కరిగాక చూద్దాంలే అంటాడు. అమ్మ ఉంటే నీ రెండో వైపు కూడా విరగ్గొట్టేది.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. మీ ఆవిడ లిజెత్‌ని పిలిచి, టార్చిలైటు ఇచ్చి, నీ ముక్కు కొన పైకెత్తి లోపల చూడమను. రెండు రంధ్రాలకీ మధ్యనున్న గోడ మీద మెత్తగా, ఊదారంగులో ద్రాక్షపండులా ఉబ్బి ఉందా? ఉంటే ఈ ఉత్తరం ఇక్కడే ఆపి బస్సెక్కు. అది లోపల గూడుకట్టిన నెత్తురు. వెంటనే తీయించకపోతే మధ్యగోడ కుళ్ళి, ముక్కు దూలం కూర్చుండిపోతుంది. ముక్కులోంచి తేటగా నీళ్ళలాంటిది ఆగకుండా కారుతుంటే అప్పుడూ బస్సే. అది జలుబు కాదు, తలకాయ లోపలినుంచి వస్తుంది. తలనొప్పి, వాంతి, రెండు బొమ్మలు కనబడటం, ఇవన్నీ కూడా బస్సే.

ఇవేవీ లేవా, అయితే మిగతాది చదువు. గుడ్డలో మంచు చుట్టి మెల్లగా అద్దు, వంటి మీద నేరుగా పెట్టకు. తలకింద రెండు దిళ్ళు వేసుకో. ముక్కు గట్టిగా చీదకు. మీ ఊళ్ళో గుర్రాల కాళ్ళు సరిచేసే ఆ ముసలాయన దగ్గరికి మాత్రం వెళ్ళకు, నువ్వు గుర్రానివి కాదు, గాడిదవి.

వాపు నాలుగైదు రోజుల్లో తీస్తుంది. అప్పుడు గానీ వంకర ఎంతో తెలియదు. తెలిశాక మొదటి రెండు వారాల లోపు డాక్టర్ దాన్ని చేత్తోనే చక్కబెట్టగలడు. ఆ గడువు దాటితే ఎముక ఎటు ఉంటే అటే అతుక్కుపోతుంది, మళ్ళీ కోసి విరగ్గొట్టి పెట్టాలి. మంచు కరిగేదాకా ఆగడమంటే అదీ. మీ జట్టు ముక్కులన్నీ అలా తగలడటానికి కారణం హాకీ కాదు, ఆ పద్ధతి.

గరిటె దొరికినందుకు సంతోషం. అంత పెద్ద వార్త ఉత్తరం చివర ఎందుకు పెట్టావో, ఫోన్ ఎందుకు వద్దన్నావో నాకు అంతుపట్టలేదు. ముక్కు విరిగిన సంగతి ఊరంతా చూసిందిగా, ఇక మదాం గొస్లెన్ దగ్గర దాచేదేముంది?

నీ అక్క
సొలాంజ్


సాంత్-ఫ్లోరిద్
మార్చి 21

అక్కా,

లిజెత్ టార్చి పెట్టి చూసింది. ద్రాక్షపండు లేదు, నీళ్ళూ కారడం లేదు. "లోపల చీకటి, కాస్త వెంట్రుకలు, బుర్ర మాత్రం కనబడలేదు" అంది. నీ మరదలి వైద్యం అది.

వాపు తగ్గింది. వంకర ఉంది. కానీ రాలేను. బుధవారం నుంచి ఎండ కాస్తోంది, చెట్లు కారడం మొదలైంది. గుర్రబ్బండి మీద పీపాలతో మేపుల్ నీరు తెచ్చి పోస్తూనే ఉన్నాం. పాకం గుడిసెలో పొయ్యి ఆరడం లేదు. మామగారు పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుని కూర్చుంటాడు. పలకడు. ఆయన చెప్పేది ఎప్పుడూ ఒక్కటే: "ఆవిరి కమ్మేస్తే కళ్ళు దండగ. ముక్కు చెప్పాలి." పాకం దగ్గరపడినా, అడుగంటబోయినా, సీజను చివర చెట్లు మొగ్గ తొడిగి నీరు పాడైనా, ముందు వాసనే మారుతుంది. అది పట్టుకున్నవాడే పాకంవాడు.

ఒక చిన్న సందేహం. మా జట్టులో ఒకడున్నాడు, వాడికీ ముక్కు విరిగింది. వాసన ఏమీ తెలియడం లేదంటున్నాడు. కాఫీ, పొగ, పేడ అన్నీ ఒకటేనట. అది ఎన్నాళ్ళకి తిరిగొస్తుంది? పాపం బెంగపడుతున్నాడు, అందుకని అడిగాను.

అర్మాన్


క్యుబెక్ నగరం
మార్చి 23

తమ్ముడూ,

ఆ జట్టువాడు ఎలా ఉంటాడు? పొడుగ్గా, ఎర్రజుట్టుతో, అబద్ధం చెప్పినప్పుడు చెవులు కందేలా ఉంటాడా? పెళ్ళాం పేరు లిజెత్ కాదు కదా?

వాడికి ఇలా చెప్పు. చాలామందికి లోపలి వాపు వల్లా, గడ్డకట్టిన నెత్తురు వల్లా గాలి పైదాకా పోక వాసన తెలియదు. అది తీయగానే వస్తుంది. కొందరికి దెబ్బ అదిరి, ముక్కు పైన జల్లెడలాంటి ఎముకలోంచి దిగే సన్నటి నరాలు నలుగుతాయి. వాళ్ళకి వారాలు, నెలలు పట్టవచ్చు. తెగితే రాకపోవచ్చు కూడా. నీకు ఏది జరిగిందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఇది దాచి నీకు తీపి మాట రాయాలనిపించింది, రాయలేదు.

ముక్కు చక్కబెడితే గాలికి దారి దొరుకుతుంది. గురువారం మా వార్డులో డాక్టర్ పకె ఉంటాడు. ఆ తరవాత ఈస్టర్ సెలవులు, అవి అయ్యేసరికి నీ గడువు కూడా అయిపోతుంది. రా.

ఇంకోటి. వాసన తెలియనివాడివి బాణలి దగ్గర నిలబడి ఏం చేస్తున్నావురా? లిజెత్‌తో చెప్పావా? చెప్పు. దాచడానికి అదేమన్నా దొంగసొత్తా.

సొలాంజ్


సాంత్-ఫ్లోరిద్
మార్చి 24

అక్కా,

ఈ పూట చలి మళ్ళీ బిగిసింది, చెట్లు ఆగిపోయాయి. అందుకే రాగలుగుతున్నాను. గురువారం పొద్దున పాల లారీలో దిగుతాను.

చెవులు కందిన మాట నిజమే. మామగారి మొహం చూసి నెట్టుకొస్తున్నాను. ఆయన మెడ ఎత్తగానే గరిటె తీస్తాను, మెడ దించితే మళ్ళీ ముంచుతాను. ఇప్పటిదాకా ఒక్క వాయీ చెడలేదు. "పర్లేదే, చెయ్యి తిరిగింది నీకు" అన్నాడు నిన్న. ఆ మాట కోసం తొమ్మిదేళ్ళు కట్టెలు మోశానక్కా. విని సిగ్గుతో చచ్చిపోయాను. వాసన రాదని తెలిస్తే గరిటె మా తోడల్లుడికి ఇచ్చేస్తాడు. వాడు ఇల్లరికం రాలేదు, అయినా వాడి ముక్కు తిన్నగా ఉంది.

లిజెత్‌కి చెప్పలేదు. వాళ్ళ నాన్న అంటే ఆమెకి ప్రాణం, ఆయన దగ్గర ఒక్క మాటైనా దాచడం చేతకాదు.

అర్మాన్


క్యుబెక్ నగరం
మార్చి 30

ఒరేయ్ నాయనా,

నువ్వు వెళ్ళి నాలుగు రోజులైనా వార్డులో నీ కథే చెప్పుకుంటున్నారు. మొద్దుబార్చే మందు దూది పెట్టినంతసేపూ బుద్ధిగా ఉన్నావు. డాక్టర్ ఆ చదునైన చెంచా కాడ లోపల పెట్టి ఒక్కసారి ఎత్తేసరికి గుడారం, గిన్నె, అప్పం, పీఠం అంటూ చర్చిలో ఉన్న సామానంతా వరసగా వల్లించి తిట్టావు, మనవాళ్ళ బూతులన్నీ అవేగా. పక్కన నిలబడ్డది ఇద్దరు సిస్టర్లు, కన్యాస్త్రీలు. పెద్ద సిస్టర్ నాతో, "మీ తమ్ముడికి పూజ బాగా కంఠతా వచ్చునే" అంది. నేను ఎటు చూడాలో తెలియక ట్రేలో కత్తెరలు లెక్కపెట్టాను.

ముక్కు మాత్రం తిన్నగా కుదిరింది. పట్టీ వారం దాకా తీయకు. ఆ రెండు మ్యాచ్‌లూ ఆడకు, ఆడితే నాకు చెప్పకు. పొగ తాగకు. పాకం ఆవిరి మీద మొహం పెట్టకు, పట్టీ ఊడుతుంది.

వాసన గురించి డాక్టర్ నీతో "చూద్దాం" అన్నాడు. నాతో కూడా అంతే అన్నాడు, ఎక్కువేమీ చెప్పలేదు. నమ్ము. ఏమైనా తెలుస్తోందా? రోజూ పొద్దున్నే కాఫీ, లవంగం, సబ్బు ఒక్కోటి ముక్కు దగ్గర పెట్టుకుని చూడు. నష్టం లేదు.

లిజెత్‌తో చెప్పమని మళ్ళీ అంటున్నాను. ఇది నర్సు మాట కాదు, అక్క మాట.

సొలాంజ్


సాంత్-ఫ్లోరిద్
ఏప్రిల్ 13

అక్కా,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టు. తిట్టడం అయ్యాక ఇది చదువు.

పట్టీతో వచ్చిన రోజు జట్టంతా నన్ను పెళ్ళికూతురా అని పిలిచింది. మామగారు, "మా రోజుల్లో ముక్కు ఎటు పోతే మేమూ అటే పోయేవాళ్ళం" అన్నాడు. పట్టీ తీశాక ముక్కు తిన్నగా ఉంది, గాలి బాగా ఆడుతోంది. కాఫీ లేదు, లవంగం లేదు, సబ్బు లేదు. ఏమీ లేదు.

శుక్రవారం లిజెత్ వాళ్ళ చెల్లెలి బిడ్డ బాప్తిస్మానికి వెళ్ళింది. బిడ్డని ఎత్తుకునే పెద్దమ్మ ఆమే కదా, రెండు రోజులు ఉండక తప్పలేదు. వెళ్ళిన రోజు చలికి చెట్లు కారలేదు, మర్నాడు వరదలా కారాయి. గుడిసెలో ఆవిరి ఎంతంటే నా చేతిలో గరిటె నాకే కనబడలేదు. నేను ఎప్పటిలాగే మామగారి మెడ వైపు చూస్తున్నాను. ఆయన తాపీగా కూర్చున్నాడు. సరే, ఇంకా టైముంది అనుకున్నాను. కట్టెలు వేశాను. ఆయన ఇంకా తాపీగానే ఉన్నాడు. మళ్ళీ వేశాను.

శనివారం మధ్యాహ్నం తలుపు తోసుకుని లిజెత్ వచ్చింది, టోపీ కూడా తీయలేదు. "ఏం మాడుస్తున్నారు ఇద్దరూ? దారి మొదట్లోకే కొడుతోంది కంపు" అంది. నేను మామగారి వైపు చూశాను. మామగారు నా వైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరచిపోను. ఆయన కళ్ళలో కోపం లేదక్కా, భయం ఉంది.

బాణలి అడుగు బొగ్గయింది. వాయి మొత్తం తారు. లిజెత్ మంచు తట్టలతో తెచ్చి పొయ్యిలో కుమ్మరించింది, మేం దిష్టిబొమ్మల్లా నిలబడ్డాం.

అప్పుడు కూర్చుంది బెంచీ మీద. "ఒకళ్ళ తరవాత ఒకళ్ళు చెప్పండి" అంది. ముందు నేను చెప్పాను. చెబుతూ ఉంటే మామగారు గడ్డం గోక్కుని, "నువ్వు ఎప్పుడు తీయాలో నాకెలా తెలిసేదనుకున్నావు?" అన్నాడు. ఆయన ముక్కు విరిగింది దుంగలు నదిలో తోలే రోజుల్లో. అప్పుడు కూడా మంచు కరిగాక చూద్దాం అన్నారట. కరిగింది, చూశారు, అప్పటికే అతుక్కుపోయింది. ఆ దెబ్బతో వాసన పోయి మళ్ళీ రాలేదు. మొదట్లో అత్తగారు ఉండేది పక్కన, ఆమె మొహం చూసి గరిటె తీసేవాడు. ఆమె పోయాక లిజెత్ మొహం. మధ్యాహ్నం పూట అన్నం తెచ్చి, గిన్నెలు కడిగే నెపంతో ఆమె గుడిసెలోనే ఎందుకు తచ్చాడేదో నాకు తొమ్మిదేళ్ళకి తెలిసింది. నేను ఆయన మెడ చూస్తుంటే ఆయన ఆమె మొహం చూస్తున్నాడు. ఆమె లేని రోజు నా ముక్కుని నమ్ముకుని తాపీగా కూర్చున్నాడు. ఇద్దరు మగాళ్ళం, రెండు ముక్కులు, ఒక్క వాసన లేదు.

"నాకు పన్నెండో ఏట నుంచి తెలుసు నాన్నా" అంది లిజెత్. "నేను ముక్కు ముడిస్తే చాలు, నీ చెయ్యి లేచేది. సరదాకి ఒకసారి ఊరికే ముడిచాను కూడా, ఆ వాయి నీళ్ళలా పోయింది. దానికి నువ్వు చెట్లని తిట్టావు." తరవాత నా వైపు తిరిగి, "నువ్వు విరిగిన పాలు గటగటా తాగి బావున్నాయన్న రోజే నీ సంగతి తెలిసింది" అంది.

"మరి చెప్పలేదేం?" అన్నాను.

"మీరు చెబుతారేమోనని చూశాను. నా ముక్కుతో ఇద్దరు పాకంవాళ్ళు పేరు తెచ్చుకుంటుంటే కనీసం ఒకడైనా థాంక్స్ చెబుతాడేమోనని."

 నాకు ఏడుపు వచ్చింది, ఆవిరి మీద నెట్టేశాను. నువ్వు చెప్పమన్నప్పుడే చెప్పి ఉంటే బాణలి మిగిలేది.

అర్మాన్


క్యుబెక్ నగరం
ఏప్రిల్ 15

అర్మాన్,

నీ ఉత్తరం భోజనాల దగ్గర చదివాను. నవ్వీ నవ్వీ సూపు చల్లారిపోయింది. లిజెత్ మాట దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. నేనూ అన్నేళ్ళు సిస్టర్ల పక్కన, డాక్టర్ల వెనకాల నిలబడ్డదాన్నే, ఆ మాట ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు.

మీ మామగారి ముక్కు ముప్ఫై ఏళ్ళ పాతది. చక్కగా ఊపిరి ఆడాలంటే కోత పెట్టి చేయవచ్చు, వాసన మాత్రం తిరిగిరాదు. అడిగి చూడు. ఆయన ఒప్పుకోడులే.

నీది మాత్రం ఇప్పుడే నెల దాటింది. ఆశ వదలకు, కాఫీ మానకు.

ఇంతకీ గరిటె ఇప్పుడెవరి చేతిలో ఉంది? అది రాయలేదు నువ్వు.

సొలాంజ్


సాంత్-ఫ్లోరిద్
ఏప్రిల్ 27

అక్కా,

గరిటె లిజెత్ చేతిలో ఉంది. పక్కింటివాళ్ళ పాత బాణలి తెచ్చాం. 19వ తారీకు ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద మగాళ్ళంతా పైపులు ముట్టించుకుని, "తెలెస్ఫోర్, మాడిందటగా? ఇప్పుడు పాకం ఎవరు పడుతున్నారు?" అని అడిగారు. ఆడది బాణలి దగ్గర నిలబడటం ఈ మెట్ల మీద ఎవరూ వినలేదు. మామగారు బూటుతో మంచు గీకాడు కాసేపు. "మా అమ్మాయి" అన్నాడు. ఎవరూ నవ్వకముందే, "అల్లుడి ముక్కు బాగయ్యేదాకా" అని తగిలించాడు. లిజెత్ అది విన్నది. దారంతా మాకంటే పది అడుగులు ముందే నడిచింది.

ఇప్పుడు నీకు ఒక్కదానికే చెప్పేది. పోయిన మంగళవారం గుర్రానికి గడ్డి వేస్తుంటే ఏదో ఘాటుగా తగిలింది. గుర్రమే. దాని మెడ పట్టుకుని అలాగే నిలబడ్డాను, ఏమనుకుందో ఏమో అది. మర్నాడు నా బూట్లు తగిలాయి, ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. తరవాత కాఫీ. డాక్టర్ పకెకి నా దండాలు చెప్పు, పెద్ద సిస్టర్‌కి నా క్షమాపణలు.

నిన్న గుడిసెలో ముగ్గురం ఉన్నాం. పొడి మంచు లేదు, గాలి మెత్తగా ఉంది. బాణలి మీదినుంచి వాసన కొద్దిగా మారింది. తీపి వెనకాల పచ్చి ఆకు నలిపినట్టు, చేదుగా. మొగ్గ తొడిగిన వాసన, సీజను అయిపోయిందని. నాకు స్పష్టంగా తెలిసింది. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. లిజెత్ రెండు ఊపిర్లు తీసి, గరిటె పైకెత్తి, "ఇక చాలు నాన్నా. మొగ్గ వచ్చేసింది" అంది.

మామగారు లేచి, నా తిన్నటి ముక్కు వైపు చూసి, "నీకు గాలి బాగా ఆడుతోందిగా. ఏమైనా తెలుస్తోందా? తెలిస్తే చెప్పు, వచ్చే ఏడు గరిటె నీకే. నేను మెట్ల మీద మాటిచ్చాను" అన్నాడు.

తొమ్మిదేళ్ళు కోరుకున్నది నా చెయ్యి చాపినంత దూరంలో ఉంది. లిజెత్ మా వైపు చూడకుండా గరిటె కడుగుతోంది. చాలాసేపు కడిగింది.

"లేదు మామగారూ, ఏమీ తెలియడం లేదు" అన్నాను.

ఆయన నిట్టూర్చి కట్టెలు సర్దడానికి బయటికి వెళ్ళాడు. లిజెత్ నా దగ్గరికొచ్చి చెవులు చూసింది. కందిపోయి ఉన్నాయి కాబోలు. "నాకంటే ముందే ముక్కు ముడిచావు, చూశానులే" అంది. ఏమనాలో తెలియక, "నువ్వే బాగా పడతావు. థాంక్స్" అన్నాను. ముందే దించి పక్కన పెట్టిన ఆఖరి మంచి పాకం గరిటెతో తీసి నా నోట్లో పోసి, కాలిందా అని కూడా అడగలేదు, నా భుజం మీద తల పెట్టుకుని నిలబడింది.

అక్కా, ఎవరైనా అడిగితే నా ముక్కు ఇంకా పనిచేయడం లేదని చెప్పు. వచ్చే ఏడు కూడా పనిచేయదు.

నీ తమ్ముడు
అర్మాన్